పిడికెడు బియ్యం చప్పుడు

మా ఇంట్లో పొయ్యి పక్కన ఒక రేకు డబ్బా ఉండేది. ఒకప్పుడు అది బిస్కెట్ల డబ్బా. మూత మీద గులాబీ పూల బొమ్మ ఉండేదట, నా కాలానికి ఎర్రటి మరక ఒక్కటే మిగిలింది. మా అత్త చేతుల్లోంచి నా చేతికి వచ్చింది. కోడలికి అత్త ఇచ్చిన సొమ్ము ఇదేనా అని పెళ్ళైన కొత్తలో నాలో నేను నవ్వుకునేదాన్ని.

మా క్రైస్తవుల ఇళ్ళల్లో పిడికెడు బియ్యం తీసే అలవాటు ఒకటుంది. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. పొద్దున అన్నానికి బియ్యం కొలిచాక, కడగకముందు, అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వెయ్యాలి. సాయంత్రం వండితే సాయంత్రం కూడా అంతే. ఆదివారం ఆ బియ్యాన్ని సంచిలో పోసుకుని చర్చికి తీసుకుపోతే, అక్కడ గుమ్మం పక్కనున్న డ్రమ్ములో అందరి బియ్యం కలుస్తుంది. మొగుడు పోయిన ఆడవాళ్ళకు, మంచాన పడ్డవాళ్ళకు, చూసే దిక్కులేని ముసలివాళ్ళకు సంఘం వాళ్ళు దాన్ని పంచుతారు. పెద్ద సంగతేమీ కాదు. ఒక పిడికెడు తగ్గితే ఇంట్లో ఎవరి కడుపూ మాడదు.

మా అత్త మాత్రం దానికి ఒక కట్టడి పెట్టింది. ఊరికే వెయ్యకూడదు. దేనికి స్తోత్రం, అంటే దేవుడికి కృతజ్ఞత, చెప్తున్నామో నోరు తెరిచి చెప్పి వెయ్యాలి. “దేవా, అన్నిటికీ స్తోత్రం” అంటే ఒప్పుకునేది కాదు.

“అన్నిటికి అంటే ఏమిటికీ కాదన్నట్టే పోరీ. ఒక్కటి చెప్పు. ఇయ్యాల్టిది చెప్పు,” అనేది.

ఆమె చెప్పేవి వింటే ఎంత కోపంలో ఉన్నవాళ్ళకైనా నవ్వొచ్చేది. “మేక రెండు పిల్లలను ఈనింది, స్తోత్రం.” “మోకాలు నొప్పి ఎడమ కాలికే ఉంది, కుడి కాలికి రాలే, స్తోత్రం.” ఒకరోజు పొద్దున్నే నాకూ ఆమెకూ అంట్లగిన్నెల దగ్గర మాటా మాటా పెరిగింది. నేను మూతి ముడుచుకుని ఊడ్చుకుంటున్నాను. ఆమె పిడికెడు తీసి, నా వైపే చూస్తూ, “కోడలు ఇయ్యాల ఒక మాట నోట్లకెల్లి రాకముందే మింగింది, స్తోత్రం,” అని గలగలమని డబ్బాలో వేసింది. గడప మీద కూర్చుని చాయ్ తాగుతున్న మా ఆయనకు పొలమారి, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా దగ్గాడు. అప్పుడు ఆ దగ్గు నవ్వు దగ్గే.

అత్త పోయాక ఆ పని నాది అయింది. నాకు చదువు లేదు, ప్రార్థనలో నలుగురిలా పెద్ద మాటలు రావు. కానీ ఒక్కటి చెప్పమంటే చెప్పగలను కదా. “బిడ్డకు జరం తగ్గింది, స్తోత్రం.” “మజ్జిగ పులవలే, స్తోత్రం.” అలా ఎన్నేళ్ళు వేశానో లెక్క లేదు.

మా ఇబ్రహీంపట్నం చుట్టూ గుట్టలున్నాయి. గుట్టలున్న చోట కంకర మిషన్లున్నాయి. మా ఆయన పెళ్ళికి ముందు నుంచే కంకర మిషన్‌లో పనిచేశాడు. ముందు రాళ్ళు ఎత్తివేసే పని, తర్వాత బెల్టు చూసే పని. మూతికి తువ్వాల చుట్టుకుని పోయేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమ్మలు, మీసాలు, చెవుల మీది వెంట్రుకలు అన్నీ తెల్లగా అయ్యేవి. మా బిడ్డ చిన్నప్పుడు ఆయన గడపలోకి రాగానే, “అమ్మా, ఎవరో తాత వచ్చిండే!” అని అరిచేది. ఆయన నిజంగానే తాతలా నడుము వంచి, “బిడ్డా, జర మంచినీళ్ళు పోస్తవా?” అని వణుకుతూ అడిగేవాడు. రోజూ అదే ఆట. ఆ తెల్లటి దుమ్ము కడిగితే పోయేది. లోపలికి పోతున్న దుమ్ము సంగతి మాకు ఎవరు చెప్పారు గనుక?

ఆయన గుట్టల్లోంచి పిండి చేసిన రాయితో పెద్ద అంబర్‌పేట్ దాకా ఎన్ని ఇళ్ళు లేచాయో, ఎన్ని రోడ్లు పడ్డాయో. ఇప్పుడు బస్సులో పోతుంటే ఆ గోడలను చూడబుద్ధి కాదు నాకు.

చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే. కంజీర వాయిస్తూ పాడితే రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగేవారు. మనిషి సన్నం, గొంతు పెద్దది. అలాంటి మనిషి ఒక ఆదివారం పల్లవి ఎత్తుకుని, చరణంలో సగానికి ఆగి, కంజీర ఒళ్ళో పెట్టుకుని నేల చూశాడు. మిగిలినవాళ్ళు పాట అందుకున్నారు గానీ, ఆయన మళ్ళీ ఎత్తలేదు.

ముందు టీబీ అన్నారు. ఆ మందులు మింగాడు. తగ్గలేదు. పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. అక్కడ డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పట్టి చూపించాడు. “రాతి దుమ్మమ్మా. ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి గట్టిపడింది.”

నేను అడిగాను, “కడిగితె పోదా సారూ?”

ఆ డాక్టరు నవ్వలేదు. అప్పుడే నాకు అర్థమైంది. నవ్వి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత మా ఇంట్లోకి ఆక్సిజన్ మిషన్ వచ్చింది. మంచం పక్కన చిన్న బీరువాలా నిలబడి పగలూ రాత్రీ గుర్రుమంటూ ఉండేది. దాంట్లోంచి సన్నటి గొట్టం ఆయన ముక్కుకు. నాలుగడుగులు గోడ దాకా నడిస్తే ఆయాసం. మాట్లాడితే రెండు మాటలకొకసారి ఊపిరి తీసుకోవాలి. పాడే మనిషికి మాట కూడా మోయలేని బరువైపోయింది.

ఒక పొద్దున బియ్యం కొలిచాను. పిడికెడు తీశాను. డబ్బా మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. నోట్లోకి ఏమీ రాలేదు. ఏదో ఒకటి చెప్పాలని వెతికాను, నిజంగా వెతికాను. ఇల్లంతా వెతికినట్టు నా లోపల వెతికాను. ఆయన పక్కటెముకలు ఎగిరెగిరి పడుతున్నాయి, మిషన్ గుర్రుమంటోంది. దేనికి స్తోత్రం చెప్పను? పిడికెడు బియ్యం మళ్ళీ గిన్నెలోనే పోసి, కడిగి, పొయ్యి మీద పెట్టేశాను.

మంచం మీద నుంచి ఆయన అన్నాడు, “ఏమే... డబ్బ సప్పుడు... రాలే.”

“మిషన్ మోతల నీకు ఇనబడి ఉండదు.”

“మిషన్ మోత... నాకు అలవాటైంది. డబ్బ సప్పుడు... రాలే.”

నాకు ఎక్కడి నుంచి వచ్చిందో అంత కోపం, గంటె నేలకేసి కొట్టాను. “రాలే! ఎయ్యలే! ఏమని ఎయ్యాలె? నువ్వే చెప్పు, ఏమని?”

ఆయన నేల మీది గంటె వైపు చూశాడు. “గంటె వంగిందేమో... సూడు,” అన్నాడు.

వంగింది. అది నేటికీ వంకరగానే ఉంది.

మరుసటి రోజు కూడా నేను వెయ్యలేదు. ఆ మరుసటి రోజూ అంతే. ఆదివారం చర్చికి చేతులూపుకుంటూ పోయాను. ఆడవాళ్ళు వరసగా డ్రమ్ములో బియ్యం పోస్తుంటే చెప్పులు సర్దుకుంటున్నట్టు వంగి నిలబడ్డాను. ఇంటికి రాగానే ఆయన నా ఖాళీ చేతులు చూశాడు. పక్కన కూర్చోమన్నాడు.

“నేను పోయినంక... గీ డబ్బ... ఖాలీగుండద్దు.”

“గసొంటి మాటలు మాట్లాడకు.”

“మాటియ్యి.”

“ఇయ్యను.”

“మా అమ్మ డబ్బనే అది.”

“మీ అమ్మ డబ్బైతే మీ అమ్మనే వచ్చి ఎయ్యమను. నేను అబద్ధం చెప్పి ఎయ్య. లోపల ఒక్క స్తోత్రం లేనిది పైకి గలగల సప్పుడు చేసి ఎవలను మోసం జెయ్యాలె? ఆయన్ననా?” అని పైకప్పు వైపు చూపించాను. “ఆయనకు కండ్లు లేవా? నీ రొమ్ము సూస్తలేడా?”

ఆయనకు ఇంతకన్నా వేరే కోరిక లేదు. మంచి దవాఖాన కావాలనలేదు, మటన్ కావాలనలేదు. తాను పోయాక ఆ పొయ్యి దగ్గర నా నోరు మూతపడకూడదు, అంతే. ఆ ఒక్కటే నేను ఇవ్వలేనన్నాను.

పరామర్శకు సంఘం వాళ్ళు వచ్చేవారు. అందరిలోకీ ఎక్కువసార్లు వచ్చేది ఒక పెద్దక్క. చర్చిలో మా ఆడవాళ్ళ ప్రార్థన కూడికకు ఆమే పెద్ద. ఎవరింట్లో ఏ కష్టమున్నా ఆమె నోటికి ఒకటే మాట. “సంతోషించాలె చెల్లె. శ్రమలల్ల గూడ సంతోషించాలె. దేవుని వాక్యం గదే చెప్తుంది.” నేను చాయ్ గిన్నె మూతను గట్టిగా పెట్టేదాన్ని. ఆమెకు అర్థమయ్యేది కాదో, అర్థమైనా పట్టించుకునేది కాదో. చాయ్ తాగి, ప్రార్థన చేసి, ఆయన తల నిమిరి పోయేది.

ఒకసారి ఆమె గేటు దాటగానే నేను, “సంతోషించాల్నట! ఈ ఇంట్ల నిలబడి సంతోషించాల్నట! పండ్లు ఇకిలించుకుంట కూసోవాల్నేమో,” అన్నాను.

మా ఆయన కళ్ళు మూసుకునే నవ్వాడు. “సంతోషమంటే... పండ్లు ఇకిలించుడా?”

“మరేంది?”

“నాకేం ఎరుక... సదువుకున్నోన్నా?” ఊపిరి తీసుకున్నాడు. “అన్నం వండుకున్నట్టే... అనుకుంట. ఆకలైనా... కాకున్నా... పొద్దుగాల లేసి వండుతం గద.”

మరుసటి పొద్దున బియ్యం కొలుస్తుంటే, “డబ్బ ఇటు తే. బియ్యం ఇటు తే,” అన్నాడు.

అప్పటి నుంచి ఆయనే వేశాడు. బియ్యం గిన్నె ఆయన ఒళ్ళో పెట్టేదాన్ని, డబ్బా పక్కన పట్టుకునేదాన్ని. ఆయన అరచెయ్యి రాళ్ళు మోసి మోసి చెక్కలా ఉండేది. ఆ చేత్తో పిడికెడు తీస్తే అది ఇద్దరి పిడికెడు. వాళ్ళమ్మ లాగే ఆయన కూడా ఒక్కటే చెప్పేవాడు, రెండు మూడు మాటల్లో. “కరెంటు పోలే... స్తోత్రం.” “ముక్కు పుండు... మానింది... స్తోత్రం.” “చింతపండు చారు... మంచిగైంది... స్తోత్రం.” నేను డబ్బా పట్టుకునేదాన్ని గానీ పెదవి కదిపేదాన్ని కాదు. పట్టుకోవడం వేరు, చెప్పడం వేరు.

కరెంటు సంగతి చెప్పాలి. కరెంటు పోతే ఆ మిషన్ కుయ్యిమని అరిచి ఆగిపోతుంది. మొదటిసారి పోయినప్పుడు ఆయన గోళ్ళు నీలంగా మారడం నా కళ్ళతో చూశాను. మా గోడ పక్కింట్లో గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం ఉంది. పూజలూ వ్రతాలూ చేసుకునేవాళ్ళు, ఆమె ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. వాళ్ళకు ఇన్వర్టరు ఉంది. నా అరుపు విని ఆమే పొడుగాటి వైరు గోడ మీదుగా విసిరింది. ఆ రోజు నుంచి కరెంటు పోయిందంటే చాలు, నేను గోడ దగ్గరకు ఉరికేసరికి ఆమె అప్పటికే వైరు పట్టుకుని నిలబడి ఉండేది. “వదినగారూ, పట్టుకోండి!” అనడమూ, వైరు నా చేతిలో పడడమూ ఒకేసారి జరిగేది.

ఒకరోజు పొద్దున్నే అలా కరెంటు పోయి, మిషన్ మళ్ళీ మొదలయ్యాక, ఆమె ఆయనను చూడ్డానికి వచ్చింది. అప్పుడే ఆయన పిడికెడు తీస్తున్నాడు.

“పక్కింటి ఇన్వర్టరు... స్తోత్రం,” అన్నాడు.

ఆమె నోరు తెరిచింది. “అన్నయ్యగారూ, మా ఇన్వర్టరుకి కూడా స్తోత్రమేనా? మొన్నే మావారు బ్యాటరీలో నీళ్ళు పోయలేదని నాతో పోట్లాడారండీ!”

“గా నీళ్ళకు... రేపు చెప్త,” అన్నాడు.

మరుసటి రోజు నిజంగానే చెప్పాడు. బ్యాటరీ నీళ్ళకు స్తోత్రం. ఆమె ఇంటికి పోయి మొగుడికి చెప్తే అతనూ నవ్వాడట. మా ఇంట్లో నవ్వనిది నేనొక్కదాన్నే.

ఇదంతా విని, ఆయన ధైర్యం చూసి నా మనసు మారి ఉంటుందని అనుకుంటారేమో. లేదు. ఆయన ఒక్కో మాట చెప్తుంటే నా లోపల ఒక్కో రాయి పడేది. ఈ మనిషి ఇంత మంచివాడై ఉండకపోతే ఇంత ఏడుపు ఉండేది కాదు కదా అనుకునేదాన్ని. రాత్రిళ్ళు మోకాళ్ళ మీద కూర్చుంటే నోట్లోంచి ఒక్క ప్రశ్నే వచ్చేది, ‘ఎందుకు?’ జవాబు రాకపోతే లేచి పడుకునేదాన్ని. కొన్నాళ్ళకు ఆ ప్రశ్న అడగడం కూడా మానేశాను. అడిగేంత నమ్మకం కూడా మిగల్లేదన్నమాట.

ఆయన పిడికెడు రోజురోజుకూ చిన్నదైంది. వేళ్ళు ముడవడం చేతకాక సందుల్లోంచి గింజలు జారి దుప్పటి మీద పడేవి. సాయంత్రానికి మంచం కోళ్ళ వెంట చీమలు వరస కట్టేవి. నేను దులుపుతుంటే, “ఉండనీ... వాటికీ... పంచుతున్న,” అన్నాడు. ఆ తర్వాత మూడు వేళ్ళతో చిటికెడు తీయడం దాకా వచ్చింది.

ఒక పొద్దున ఆ చిటికెడు తీసి డబ్బా మీద పట్టుకుని, ఏదో చెప్పబోయి చెప్పలేకపోయాడు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఎప్పుడూ అడగనిదాన్ని నేనే అడిగాను, “ఏమిటికి?” తల అడ్డంగా ఊపి, వేళ్ళు వదిలేశాడు. నాలుగు గింజలు పడ్డాయి. మిషన్ మోతలో చప్పుడే వినబడలేదు.

“చెప్పకుంట ఏసినవ్. అత్త ఉంటే ఒప్పుకోకపోవు,” అన్నాను.

ఆయన కళ్ళు నవ్వాయి. ఊపిరి కూడదీసుకుని, ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి పెట్టి అన్నాడు. “అమ్మను... నేను... సమజాయిస్త తియ్యి.”

నాకు అప్పుడు తట్టలేదు. పొయ్యి దగ్గరికి పోయాక తట్టింది. వాళ్ళమ్మకు సర్దిచెప్తానంటే, ఆమె దగ్గరికి పోతున్నానని చెప్పాడాయన.

మరి కొద్ది రోజులకే, పొద్దున, అన్నం ఉడుకుతుండగా పోయాడు. ఆ వేళ కరెంటు ఉంది. మిషన్ ఆగలేదు. నేను పోయి చూసేసరికి గొట్టంలోంచి గాలి సన్నగా బుసబుసమంటూ వస్తూనే ఉంది. తీసుకునేవాడు లేడు. నేను మిషన్ ఆపలేదు. గోడ పక్కామె వచ్చి ముందు పొయ్యి ఆపింది, తర్వాత మిషన్ ఆపింది. అన్నం మాడిన వాసన చాలా రోజులు ఇంట్లోనే ఉంది.

సమాధి చేశాం. జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. మా పాస్టరు అయ్యగారు మంచి మాటలు చెప్పారు. వచ్చినవాళ్ళంతా, ఆయన ప్రభువు దగ్గర సంతోషంగా ఉన్నాడన్నారు. ఉండే ఉంటాడు. ఉండనీ. నేనెక్కడున్నానో మాత్రం ఎవరూ చెప్పలేదు.

బిడ్డ తుక్కుగూడలో ఉంటుంది, అక్కడే బట్టల దుకాణంలో పని. కొన్నాళ్ళు నా దగ్గరే ఉంది. ఇల్లు సర్దుతూ, “అమ్మా, గీ డబ్బ ఖాలీగున్నది. కందిపప్పు పోద్దమా?” అంది.

“పొయ్యకు.”

“మరేం జేస్తవ్ దీన్ని?”

“ఉండనీ.”

అది నా ముఖం చూసి, డబ్బాను అటక మీదికి ఎక్కించింది. పోయేముందు నన్ను రమ్మంది. వస్త తీ అన్నాను. పోలేదు.

మిషన్ తీసుకుపోయారు. ఇంట్లో పడ్డ నిశ్శబ్దం ఎలాంటిదో ఎలా చెప్పను? ఆ మోత నన్ను ఎన్ని రాత్రులు నిద్రపోనివ్వలేదో, ఇప్పుడది లేక నిద్ర పట్టదు. ఒక్కదానికి వండడం నాకు చేతకాదు. చెయ్యి ఇద్దరికే కొలుస్తుంది. మిగిలిన అన్నం మరునాడు చద్దన్నంగా తినేదాన్ని, లేదా తినకుండా పారేసేదాన్ని. చర్చికి పోయి ఒక మూలన కూర్చునేదాన్ని. ఎవరో పాట ఎత్తుకునేవారు. శ్రుతి కుదిరేది కాదు. నా పెదవులు కుట్టేసినట్టుండేవి.

ఒక పగలు కూరగాయలు తరుగుతుంటే ఫ్యాన్ ఆగింది. కరెంటు పోయింది. నా కాళ్ళు నన్ను అడగలేదు. కత్తిపీట వదిలేసి, వాకిలి దాటి, గోడ దగ్గరికి ఉరికి, “వదినా, వైరు!” అని అరిచాను.

ఆమె అప్పటికే గోడ అవతల నిలబడి ఉంది. చేతిలో వైరు ఉంది. “పట్టుకోం...” అని ఆగిపోయింది.

ఇద్దరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ఆమె వైరును గోడ మీద పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుంది. నేను గోడకు తల ఆనించాను. కరెంటు ఎప్పుడొచ్చిందో మా ఇద్దరికీ తెలియదు.

ఆ వారంలోనే పెద్దక్క వచ్చింది. ఎప్పటిలా ‘సంతోషించాలె’ అంటుందేమో, అంటే తిట్టి పంపిద్దామనే ఉన్నాను. ఆమె ఏమీ అనలేదు. చేతిలోని సంచి గడప లోపల పెట్టింది.

“మందిరం బియ్యం చెల్లె.”

ఆ డ్రమ్ములో ఎన్నేళ్ళు పోశానో. దాంట్లోంచి నాకు వస్తుందని ఒక్కనాడూ అనుకోలేదు. “నాకెందుకక్కా? నాకున్నయ్.”

“ఉన్నా ఇస్తరు. మొగుడు పోయినోళ్ళకు ఇచ్చేటివే గద, నీకు ఎరుకనే.”

“నాకద్దు. తీస్కపో.”

“గట్ల మూతి పెట్టకు.” ఆమె గడప మీదే కూర్చుంది. “మా ఆయన పోయినప్పుడు నాకిచ్చిన్రు. తెచ్చి పెట్టింది మీ అత్తనే. నేను సంచి బజార్లకు ఇసిరిన. మీ అత్త ఏరుకొచ్చి మళ్ళ ఇంట్ల పెట్టింది. తిన్న. సగం పలుకు, సగం మెత్తగ. గట్లనే తినాలె.”

ఆమె విధవరాలని నాకు తెలియదా? తెలుసు. కానీ ఆమె కూడా ఆ బియ్యం తిని ఉంటుందని, ఆ ‘సంతోషించాలె’ అనే మాటను అంత పలుకు అన్నంతో కలిపి నమిలి ఉంటుందని ఎన్నడూ తోచలేదు. నేను చాయ్ పెట్టబోతే వద్దంది. లేచి, నా తల నిమిరి పోయింది.

సంచి రెండు రోజులు అక్కడే ఉంది. మూడో పొద్దున చాటలో పోసుకుని రాళ్ళు ఏరడానికి కూర్చున్నాను. ఎన్ని ఇళ్ళ బియ్యమో! లావుపాటి రేషన్ బియ్యం, సన్నబియ్యం, నూకలు, కొంచెం పచ్చగా ఉన్న పాత బియ్యం, ఎవరింట్లోనో పండుగకు తెచ్చుకున్న పొడుగు బియ్యం. వీటన్నిటినీ కలిపి వండితే ఒకటి ఉడికేసరికి ఇంకొకటి చితికిపోతుంది. చెరుగుతుంటే ఎండిన వేపాకు ముక్క ఒకటి పైకి వచ్చింది. పురుగు పట్టకుండా బియ్యంలో వేపాకు వేసే అలవాటు మాది. మాదొక్కరిదే కాదు, సంఘంలో ఇంకా కొన్ని ఇళ్ళల్లో వేస్తారు. అది మా ఇంటి ఆకో కాదో దేవుడికే తెలియాలి. ఆయన చేతి నుంచి పడ్డ గింజలు చివరిదాకా ఆదివారం ఆదివారం ఆ డ్రమ్ములోకే పోయాయి. ఈ చాటలో ఉన్నాయేమో, లేవేమో. వేపాకును పారెయ్యలేదు. కొంగు చివర ముడి వేసుకున్నాను.

కొలిచాను. చెయ్యి మళ్ళీ ఇద్దరికే కొలిచింది. ఒక పిడికెడు తగ్గిద్దామని తీశాను. తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడ్డాను. మందిరం బియ్యంలోంచి మళ్ళీ పిడికెడు తీయకూడదని మా అత్త అనేది. ఒకసారి ఇచ్చేసినది మళ్ళీ ఇచ్చేదేమిటని. అయినా స్టూలు లాగి, ఒక్క చేత్తోనే అటక మీది డబ్బా దించాను. మూత మీద దుమ్ము పట్టింది. నోటితో ఊదబోయి ఆగి, తడిగుడ్డతో తుడిచాను. దుమ్మును ఊదడం నాకు చేతకావడం లేదు.

దేనికని చెప్పను? ఆయన లేడు. వెతికాను, ఏమీ దొరకలేదు. చెయ్యి నొప్పి పుట్టి వేళ్ళు వాటంతటవే విడిపోయాయి. బియ్యం డబ్బాలో పడింది.

ఎంత చప్పుడు! మిషన్ లేదు కదా. రేకుల ఇంటి మీద వాన పడ్డట్టు ఇల్లంతా నిండింది. ఆయన మంచం దాకా పోయింది. మంచం ఖాళీగా ఉంది.

“సప్పుడు ఇనబడ్డది,” అన్నాను. చాలా రోజులుగా వాడని గొంతు, చీలిపోయి వచ్చింది. “స్తోత్రం.”

ఆయనకు నేను మాట ఇవ్వలేదు. ఇప్పటికీ ఇవ్వలేదు. రేపు ఏం చెప్తానో తెలియదు, అసలు చెప్తానో లేదో తెలియదు. సంతోషం వచ్చిందా అని అడిగితే, రాలేదు. డబ్బాను మాత్రం మళ్ళీ అటక ఎక్కించలేదు, పొయ్యి పక్కనే పెట్టాను.

మిగిలిన బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి, వంగిన గంటెతో కలిపాను. పెద్దక్క చెప్పినట్టే అయింది, సగం పలుకు, సగం మెత్త. ఉప్పేసుకుని తిన్నాను.